చెన్నై సెయింట్ థామస్ మౌంట్: మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మను కొండ మీదికి ఎలా తీసుకెళ్లాలి?

బెజవాడ_బిడ్డ:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, గుణదల కొండకి దగ్గర్లోనే ఇల్లు. వచ్చే నెల ఇంటిల్లిపాదీ వేళాంకణ్ణి వెళ్తున్నాం. పినాకినికి బయల్దేరి మధ్యాహ్నం చెన్నైలో దిగి, ఆ రాత్రికి ఎగ్మోర్ దగ్గర లాడ్జిలో ఉండి, మర్నాడు రాత్రి నాగపట్నం రైలెక్కాలని ప్లాన్. అంటే మధ్యలో ఒక పగలంతా ఖాళీ.

ఆ పగలు ఏం చూద్దాం అంటే మా నాయనమ్మ నోట ఒక్కటే మాట, తోమా గారి కొండ, అదే యేసు శిష్యుడు తోమా పేరున ఉన్న సెయింట్ థామస్ మౌంట్. ఆవిడకి 78 ఏళ్లు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లు వచ్చాయంటే పైన సిలువ దాకా ఎక్కి దిగిన మనిషి, ఇప్పుడు మోకాళ్లు సహకరించక మేరీమాత స్వరూపం దగ్గరే ఆగిపోతోంది. "వేళాంకణ్ణికి మీ తాత రెండుసార్లు తీసుకెళ్లాడు, మద్రాసులో తోమా గారి కొండ మాత్రం రైల్లోంచి చూపించి సరిపెట్టాడు" అని ఇప్పటికీ చెప్తుంది. ఈసారి ఎలాగైనా పైకి తీసుకెళ్లాలి, అక్కడి చర్చిలో ఉన్న పాత రాతి సిలువ ముందు కూర్చుని జపమాల చెప్పుకోవాలట.

నా డౌట్లు ఇవి. కొండ మీదికి బండి వెళ్తుందా, లేక మెట్లు ఎక్కాల్సిందేనా? ఎగ్మోర్ నుంచి మెట్రో మంచిదా, లోకల్ ట్రైనా, క్యాబా? అదే రోజు తోమా గారి సమాధి ఉందనే శాంథోమ్ చర్చి, ఆయన దాక్కున్నారనే లిటిల్ మౌంట్ కూడా కలుపుకోవచ్చా? మాతో మా అత్తగారు కూడా వస్తున్నారు, వాళ్లు హిందువులు, ఆవిడ కోసం దగ్గర్లో చూడదగ్గ గుడి ఏదైనా ఉందా? ఇంకోటి, మా బావ ఒకసారి వెళ్లొచ్చి "అక్కడ చూసేదేముంది, చిన్న చర్చి, విమానాలు దిగుతుంటే ఫొటోలు తీసుకోవడం తప్ప" అంటున్నాడు. నిజంగా అంతేనా? నాయనమ్మ ఇంత ఆశ పెట్టుకుంది కదా, వెళ్లాక నిరాశ పడుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

అంబత్తూర్_అక్క:

తమ్ముడూ, ముందు టెన్షన్ తీసెయ్. బండి పైదాకా వెళ్తుంది. కొండకి ఒక పక్క మెట్ల దారి, ఇంకో పక్క తారు రోడ్డు. కారైనా ఆటో అయినా చర్చి దగ్గరి దాకా వెళ్లిపోవచ్చు, అక్కడ దిగాక నడిచేది కొంచెమే. నేను మా అత్తమ్మని తీసుకెళ్లేది అలాగే, ఆవిడకీ మోకాళ్ల బాధే.

ఎగ్మోర్ నుంచి అంటే మీకు అదృష్టం, మెట్రో గ్రీన్ లైన్ నేరుగా వెళ్తుంది. సెంట్రల్, ఎగ్మోర్, కోయంబేడు, ఆలందూర్ మీదుగా చివరి స్టేషనే సెయింట్ థామస్ మౌంట్. ఎక్కడా మారక్కర్లేదు, చివరి స్టేషన్ కాబట్టి దిగేటప్పుడు తొందరా ఉండదు. కోయంబేడు వైపు చుట్టు తిరిగి వెళ్తుంది, దాదాపు ముప్పావుగంట అనుకో. లిఫ్టులున్నాయి, ఏసీ ఉంది, పెద్దవాళ్లకి హాయి. బీచ్ - తాంబరం లోకల్ కూడా ఎగ్మోర్ మీదుగానే వెళ్తుంది, టికెట్టు బాగా తక్కువ, కానీ ఆఫీసు టైములో ఆ తోపులాటలో నాయనమ్మని ఎక్కించడం నాకైతే ఇష్టం లేదు. ఓవర్‌బ్రిడ్జి మెట్లు కూడా ఎక్కాల్సి వస్తుంది.

స్టేషన్ బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకో. "మౌంట్" అంటే కొండ కింద ఏరియా మొత్తం మౌంటే. కాబట్టి "మలై మేలే, చర్చ్ వరైక్కుం" అని గట్టిగా చెప్పు, పైదాకా అని అర్థం. లేకపోతే మెట్ల దగ్గర దింపేసి పైకి వెళ్లాలంటే ఇంకో వంద అంటారు. వెయిటింగ్ కూడా కలిపి ముందే మాట్లాడుకుంటే దిగేటప్పుడు వెతుక్కునే పని ఉండదు, పైన ఆటోలు ఎప్పుడూ ఉంటాయన్న గ్యారంటీ లేదు.

మీలో కాళ్లు బాగున్నవాళ్లు మాత్రం మెట్ల మీదుగానే రండి. నూట ముప్పై పైచిలుకు మెట్లు, మరీ నిటారుగా ఏం ఉండవు, దారి పొడుగునా సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని గుర్తుచేసే పద్నాలుగు స్థలాలు ఉంటాయి. ఒక్కో స్థలం దగ్గర ఆగి ప్రార్థన చెప్పుకుంటూ ఎక్కితే అలసటే తెలియదు. అటు నాయనమ్మ ఆటోలో వెళ్తే ఇటు మీరు ఆవిడ పేరు మీద సిలువ మార్గం చేసినట్టూ ఉంటుంది.

పొద్దున్నే వెళ్లు. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. చెన్నై ఎండ సంగతి బెజవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు కానీ ఇక్కడ ఉక్కపోత దానికి తోడవుతుంది, పదకొండు దాటితే కొండ మీద పరిచిన రాళ్లు కాళ్లని కాల్చేస్తాయి. ఏడున్నర, ఎనిమిదికల్లా పైన ఉంటే గాలి బాగుంటుంది, జనం ఉండరు, నాయనమ్మ ఎంతసేపు కూర్చున్నా పక్కకి జరగమనేవాళ్లు ఉండరు. ఆదివారం మాత్రం వద్దు. డిసెంబరు 18 పండగ రోజుల్లో, జులై 3 తోమా గారి పండగప్పుడు అయితే ఇసకేస్తే రాలదు.

నెల్లూరు_పెద్దబ్బాయి:

అక్క చెప్పినవన్నీ కరెక్ట్. నేను చెప్పేది ఒక్కటే, మూడూ ఒకే రోజు పెట్టుకోకండి. మ్యాప్‌లో చూస్తే దగ్గరగానే కనిపిస్తాయి, నిజానికి చిన్నమలై, అంటే లిటిల్ మౌంట్ అయితే దగ్గరే, మౌంట్ నుంచి ఒక స్టేషన్ వెనక్కి ఆలందూర్‌లో బ్లూ లైన్‌కి మారితే గిండీ తర్వాత అదే పేరుతో స్టేషన్ ఉంది. శాంథోమ్ మాత్రం మెరీనా బీచ్ చివర, ఆ ట్రాఫిక్‌లో 78 ఏళ్ల మనిషిని క్యాబులో కూర్చోబెట్టి, మళ్లీ సాయంత్రం ఎగ్మోర్ తీసుకొచ్చి, రాత్రి రైలు ఎక్కించి, పొద్దున నాగపట్నంలో దించితే వేళాంకణ్ణిలో ఆవిడకి ప్రార్థన చేసుకునే ఓపిక ఎక్కడుంటుంది? మనం ఊరికే లిస్టులో టిక్కు పెట్టుకోవడానికి పెద్దవాళ్లని ఈడ్చుకు తిరుగుతాం, వాళ్లు మనసులో బాధపడినా పైకి చెప్పరు.

పినాకిని ఒంటిగంట ప్రాంతంలో చేరుతుంది కదా. లాడ్జిలో పడుకుని లేచి, అదే రోజు సాయంత్రం చల్లబడ్డాక శాంథోమ్ చూసేయండి. అక్కడ కొండా లేదు, మెట్లూ పెద్దగా లేవు, సమాధి మందిరంలోకి దిగే మెట్లు తప్ప. మీ అత్తగారికి కూడా అదే అనుకూలం, మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి అక్కడికి ఆటోలో పది నిమిషాలు. సాయంత్రం పూట ఆ కోనేటి చుట్టూ తిరిగితే ఆవిడకీ తృప్తిగా ఉంటుంది. మర్నాడు పొద్దున మొత్తం కొండకే వదిలేయండి. టైముంటే నంగనల్లూర్ ఆంజనేయస్వామి గుడి మౌంట్‌కి దగ్గరే, ఒకే రాతిలో చెక్కిన 32 అడుగుల విగ్రహం, అత్తగారిని అక్కడికి ఎవరో ఒకరు తీసుకెళ్లొచ్చు.

కొలత_గొలుసు:

బావ గారు "చూసేదేముంది" అన్నారని చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆ కొండ ఎత్తు 300 అడుగులే, చర్చి కూడా చిన్నదే, ఒప్పుకుంటా. కానీ దేశంలో ఇంత కొంచెం జాగాలో ఇంత చరిత్ర ఉన్న చోట్లు తక్కువ.

చర్చి 1523లో పోర్చుగీసు వాళ్లు కట్టింది. తర్వాత 1547లో అక్కడ పునాదులు తవ్వుతుంటే ఒక రాతి సిలువ దొరికింది. ఇప్పుడు పీఠం వెనక గోడలో ఉన్నది అదే. నాయనమ్మ గారు చూడాలనుకుంటున్నది కూడా అదే అయ్యుంటుంది. వెళ్లినప్పుడు దాన్ని దగ్గరగా, తీరిగ్గా చూడండి. సిలువ నాలుగు కొసలూ మొగ్గల్లా విచ్చుకుని ఉంటాయి, పైనుంచి ఒక పావురం తలకిందులుగా దిగుతూ ఉంటుంది, రెండు పక్కలా స్తంభాలు, వాటి మీద మకరాలు, ఆ మకరాల నోళ్లలోంచి వచ్చే తోరణం సిలువని చుట్టుకుని ఉంటుంది. మన గుళ్లలో మకరతోరణం చూసిన కంటికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఆ తోరణం మీద చెక్కిన అక్షరాలు మాత్రం పహ్లవీ, అంటే పాత పర్షియా లిపి. ఎక్కడి పర్షియా, ఎక్కడి మద్రాసు, ఎక్కడి మకరతోరణం! ఈ రాయి 7-8 శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. యూరప్ ఓడలు రాకముందే ఈ తీరాన సిలువకి దండం పెట్టిన మనుషులు ఉన్నారని చెప్పే సాక్ష్యం అది.

మీరు ఎక్కబోయే మెట్లు 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు తన సొంత డబ్బుతో వేయించినవి. సైదాపేటలో అడయారు నది మీద యాత్రికులు దాటడానికి వంతెన కట్టించింది కూడా ఆయనే. వ్యాపారానికి వచ్చి ఇంత దూరంలో స్థిరపడి, ముసలివాళ్లు జారకుండా కొండ ఎక్కాలని మెట్లు వేయించిన మనిషి అంటే నాకు చాలా గౌరవం.

నా పేరు చూశారు కదా, నా అసలు అభిమానం ఇంకోటి. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వేయరు ఈ కొండ దగ్గరి నుంచే దక్షిణంగా ఏడున్నర మైళ్ల గీతని గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసు, ఎండకి అది సాగకుండా మీద గుడారాలు, అడుగడుగునా థర్మామీటర్లు. ఆ ఒక్క గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ గీతని ఆధారం చేసుకుని త్రిభుజాల మీద త్రిభుజాలు కడుతూ దేశమంతా కొలిచారు, చివరికి ఎవరెస్టు ఎత్తు తేల్చింది కూడా ఆ సర్వేనే. కొండ మీద లాంబ్టన్ విగ్రహం ఉంది, చాలామంది దాని పక్కనే నిలబడి విమానాల వీడియోలు తీసుకుని వెళ్లిపోతారు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే దాని ముందు ఒక్క ఐదు నిమిషాలు నిలబెట్టి ఈ కథ చెప్పండి. విమానాలు కూడా చూపించండి, తప్పేం లేదు, రన్‌వే మొత్తం కాళ్ల కిందే ఉన్నట్టు కనిపిస్తుంది.

బెజవాడ_బిడ్డ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అక్కా, "మలై మేలే" రాసి పెట్టుకున్నా. పెద్దబ్బాయి గారూ, మీరు చెప్పినట్టే శాంథోమ్ మొదటి రోజు సాయంత్రానికి మార్చేశాం, అత్తగారు కపాలీశ్వరుడి పేరు వినగానే సంతోషపడిపోయారు. సిలువ సంగతి నాయనమ్మకి చదివి వినిపిస్తే "మకరాలు ఉన్నాయా, మన చెయ్యే అది" అంది.

ఇంకొక్క విషయం అడగాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. బావ ఇప్పుడు కొత్తది ఎత్తుకున్నాడు. తోమా అసలు ఇండియాకి వచ్చాడని రుజువే లేదు, ఆ సిలువకి రక్తం కారడం అదంతా పోర్చుగీసు వాళ్లు పుట్టించిన కథ అని నాయనమ్మ ముందే వాదిస్తున్నాడు. ఆవిడ ఏం మాట్లాడలేదు కానీ మొహం చిన్నబోయింది. దీనికి ఏం చెప్పాలి?

మైలాపూర్_తెలుగు:

బాబూ, నేను శాంథోమ్ విచారణలోనే, అంటే ఆ చర్చి పరిధిలోనే ఉంటాను, చాలా కాలంగా ఈ ప్రశ్నతో బతుకుతున్న మనిషిని. నాకు తెలిసినంతలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

క్రీ.శ. 52లో తోమా కేరళ తీరంలో దిగాడని, 72లో ఈ కొండ మీద ప్రార్థనలో ఉండగా పొడిచి చంపారని మన సంప్రదాయం. దానికి ఆ కాలపు శాసనమో పత్రమో ఏదీ లేదు, ఆ మాట మీ బావ అంటే కాదనను. కానీ ఇదంతా పోర్చుగీసు వాళ్లు పుట్టించారన్నది మాత్రం నిలవదు. తోమా భారతదేశానికి వెళ్లాడన్న కథ మూడో శతాబ్దంలోనే సిరియా వైపు రాతల్లో ఉంది. పోర్చుగీసు వాళ్లు రావడానికి రెండు వందల ఏళ్ల ముందే మార్కో పోలో ఈ తీరంలో తోమా సమాధి ఉందని, క్రైస్తవులే కాదు ముస్లింలు కూడా అక్కడికి యాత్రకి వస్తారని, ఆ మట్టి తీసుకెళ్లి జబ్బు చేసినవాళ్లకి ఇస్తారని రాశాడు. మన మోటుపల్లి రేవు గురించి, కాకతీయ రాణి పాలన గురించి రాసినది కూడా ఆ మార్కో పోలోనే. అక్కడ ఆయన మాట చరిత్ర అని పుస్తకాల్లో వేసుకుని, ఇక్కడ మాత్రం కట్టుకథ అంటే ఎలా? ఆ సమాధి తోమాదే అని మార్కో పోలో మాట రుజువు చేయదు, నిజమే. కానీ ఆ నమ్మకం ఎంత పాతదో అది చెప్తుంది.

ఇక సిలువ. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా దాని మీద రక్తంలా చెమర్చిందని, ఆ తర్వాత 1704 దాకా అప్పుడప్పుడూ అలా జరిగిందని ఇక్కడి చర్చి చరిత్ర. కొండ మీద పండగ ఆ తేదీనే వస్తుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లని కొండ మీద ఎవరూ నిలదీయరు. పీఠం మీద మరియమాత పటం ఉంటుంది, సువార్త రాసిన లూకా గారు గీసింది, తోమా గారు వెంట తెచ్చుకున్నది అని నమ్ముతారు. అదీ అంతే. పోపు రెండో జాన్ పాల్ 1986లో ఈ కొండకి వచ్చి ప్రార్థన చేశారు, ఆయన ఎవరినీ రుజువులు అడగలేదు.

మీ బావతో వాదన పెట్టుకోవద్దు. నువ్వు చేయాల్సింది ఒకటే, నాయనమ్మ ముందు ఆ మాట ఎత్తొద్దని ఆయనకి పక్కకి తీసుకెళ్లి చెప్పు. పెద్దావిడ ఆ కొండకి పోయేది పరిశోధనకి కాదు కదా. ఆవిడ నీతో ఏమైనా అడిగితే ఒక్కటి చెప్పు, లేచిన క్రీస్తు గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నది కూడా ఈ తోమాయే, ఆయన్ని ప్రభువు కోప్పడి పంపేయలేదు, చెయ్యి చాపి ముట్టుకోమన్నాడు. బావకీ ఆ కొండ మీద చోటుంటుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. పూజలు ఎక్కువగా తమిళంలో, ఇంగ్లిషులో జరుగుతాయి. వెళ్లే ముందురోజు ఫోన్ చేసి టైములు కనుక్కో, పూజ నడుస్తుంటే మధ్యలో సిలువ దగ్గరికి వెళ్లలేరు. ఆవిడ జపమాల తెలుగులోనే చెప్పుకోవచ్చు, చిన్న గుడి కాబట్టి మెల్లగా చెప్పుకుంటే చాలు. చివరి బెంచీల్లో కాకుండా ముందు వరసలో ఎడమ వైపో కుడి వైపో కూర్చోబెట్టు, వెనక నుంచి చూస్తే పీఠం మీది అలంకరణలో సిలువ సరిగ్గా కనపడదు. చూపు మందగించి ఉంటే పూజ లేని సమయంలో అక్కడ ఉండే వాళ్లని అడుగు, పెద్దవాళ్లని దగ్గరికి రానిస్తారు.

అంబత్తూర్_అక్క:

అంకుల్ చెప్పింది చాలా బాగుంది. తమ్ముడూ, నాయనమ్మ కోసం చిన్న మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్లు, బయట చెట్ల నీడలో కూర్చోవడానికి పనికొస్తుంది. నీళ్లు కిందే కొనుక్కో. టిఫిన్ తినకుండా పైకి తీసుకెళ్లొద్దు, షుగర్ ఉంటే అసలే వద్దు, మెట్రో ఎక్కే ముందే ఎగ్మోర్‌లో రెండు ఇడ్లీ పెట్టించు.

బెజవాడ_బిడ్డ:

షుగర్ ఉందక్కా, గుర్తు చేసినందుకు థ్యాంక్స్. బావతో మాట్లాడాను అంకుల్, ఆవిడ ముందు ఇంక ఎత్తనన్నాడు, పైగా మెట్ల దారిన నేనూ వస్తానన్నాడు. నాయనమ్మతో ఆటోలో మా చెల్లి వెళ్తుంది. పదిన్నరకి కొండ దిగి చిన్నమలై వెళ్దామా, లేక రూముకి వచ్చేసి పడుకోబెట్టాలా అన్నది మాత్రం ఆవిడ ఓపిక చూసి అక్కడే తేల్చుకుంటాం.

నెల్లూరు_పెద్దబ్బాయి:

అదే మంచిది. చిన్నమలైకి వెళ్లేటట్టయితే అక్కడ తోమా గారు దాక్కున్నారని చెప్పే గుహ లోపల వంగి వెళ్లాలి, ఇరుకు కూడా, నాయనమ్మని బయట గుళ్లోనే కూర్చోబెట్టండి. ఆవిడ రూముకే పోదాం అంటే మాత్రం బలవంతం చేయకుండా ఆలందూర్ మీదుగా అదే గ్రీన్ లైన్‌లో వెనక్కి వచ్చేయండి, మధ్యాహ్నం ఆ మెట్రోలో సీట్లు దొరుకుతాయి.